ఏసీ స్విచ్ పక్కన కూర్చున్నాయన

"అంకుల్, నాన్నగారు ప్రభువునందు నిద్రించారు" అని పోయిన వారం ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "ఎప్పుడు?" అని మాత్రం అడిగాను. అయ్యో అనలేదు. నోటిదాకా కూడా రాలేదు.

రియాద్‌లో కొడుకు దగ్గర ఉండగానే గుండె ఆగిపోయిందట. కొడుకు ఆఫీసు ఉద్యోగి, నలుగురినీ ఎరిగినవాడు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్‌తో మాట్లాడుకుని, కాగితాలు పరుగులు పెట్టించి, వారం తిరక్కుండానే శవపేటికను విమానం ఎక్కించాడు. ఊళ్ళో తండ్రి సమాధి పక్కన పాలరాతి సమాధి ముందే కట్టించి పెట్టుకున్నాడట పోయిన పెద్దమనిషి. ఇక మిగిలింది జ్ఞాపకార్థ కూడిక. శుక్రవారం, రియాద్‌లోనే, బతా బజారు వెనక సందులో, కొడుకు ఫ్లాట్‌లో.

"తబూక్ రోజుల నుంచి నాన్నగారిని ఎరిగినవాళ్ళలో మీరే పెద్దవారు అంకుల్. వచ్చి రెండు మంచి మాటలు చెప్పాలి."

వస్తానన్నాను. శుక్రవారం దాకా ఆ రెండు మంచి మాటల కోసం వెతుకుతూనే ఉన్నాను. ఒకటి దొరికింది. ఆయన పెద్దరికంలో మాలో ఒక్కడు కూడా పోలీసులకి పట్టుబడలేదు. అది నిజం, కాదనను. రెండోది మాత్రం గోతాం బోర్లించి దులిపినా రాలలేదు.

సౌదీ ఉత్తరాన తబూక్‌లో మాది పెద్ద గోధుమ పొలాల కంపెనీ. నేను ఏసీలు, పంపులు బాగుచేసేవాణ్ణి. ఆయన స్టోర్‌కీపర్. మేమందరం కోస్తా జిల్లాల క్రైస్తవులం. ఆ దేశంలో మా ప్రార్థన బయటికి వినపడకూడదు, మా గ్రంథం బయటికి కనపడకూడదు. అందుకని శుక్రవారం మధ్యాహ్నం, క్యాంపులో మిగతా జనం జుమ్మా నమాజుకి పోయిన వేళ, ఆయన గదిలో చేరేవాళ్ళం. కిటికీకి ఉన్న పాత ఏసీ లారీ ఇంజనంత మోత చేసేది. ఆ మోతే మాకు గోడ. అది తిరుగుతున్నంతసేపూ గొంతు తగ్గించి పాడుకోవచ్చు. చప్పట్లు మాత్రం అరచేతులతో కాదు, రెండు వేళ్ళతో ఎడమ అరచేతి మీద. జనవరి చలిలో కూడా ఏసీ వేసుకుని, దుప్పట్లు కప్పుకుని, పళ్ళు టకటకలాడిస్తూ దేవుణ్ణి స్తుతించిన సంఘం భూప్రపంచంలో మాదొక్కటేనేమో.

ఆ ఏసీ స్విచ్ పక్కన ఆయన కుర్చీ. ఇంకెవరూ కూర్చోరు. ఎవరైనా దేవుడు తనకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతూ కాస్త సాగదీస్తే ఆయన చెయ్యి మెల్లగా స్విచ్ మీదికి పోయేది. టక్కున ఏసీ ఆగేది. ఆ మోత పోగానే గది నిండా నిశ్శబ్దం. మాట బయటికి పోతుందన్న భయంతో మాట్లాడేవాడు మాట సగంలో మింగేసేవాడు. ఆయన ఒక యాలక్కాయ నోట్లో వేసుకుని, దువ్వెన తీసి పక్క పాపిడి సరిచేసుకుని, తీరిగ్గా మళ్ళీ స్విచ్ వేసేవాడు. అప్పుడు ఆయన మాట మొదలు. నేను బాగుచేసే ఏసీతో నా నోరే మూయించేవాడంటే చూడండి.

మాట కూడా మామూలుగా రాదు. స్టోర్ కిటికీలోంచి వాషర్ ఇస్తూ, "నీకొక వాషరు అనుగ్రహింపబడినది. దీనిని వ్యర్థపరచకుము" అనేవాడు. మేం నవ్వుకునేవాళ్ళం. మొదట్లో అది సరదాకి అనుకున్నాను. సరదా కాదు. పెద్దగా పుట్టినవాడికి పెద్ద భాష ఉండాలని ఆయన నమ్మకం. "పెద్ద లేని ఇల్లు తాళం లేని కొట్టు" అని రోజుకొకసారైనా అనకపోతే ఆయనకి అన్నం సయించేది కాదు. తాళాల గుత్తి ఎప్పుడూ నడుముకి వేలాడుతూ ఉండేది, మా పెట్టెల మారుతాళాలతో సహా.

గ్రంథం మాకు ఒక్కటే. దొరికిపోతే మొత్తం పోతుందని ఆయనే దాన్ని కుట్టు విప్పి, భాగాలు చేసి, మనిషికొక భాగం పంచాడు. ఎవరి కాగితాలు వాళ్ళ పెట్టె అడుగున, బియ్యంలోనో కారప్పొడి డబ్బా కిందో ఉండేవి. ఆ పంపకంలో కూడా ఆయన బుద్ధి ఆయనదే. రాజుల కథలన్నీ తనకి ఉంచుకున్నాడు. నాకు వంశావళులు వచ్చాయి. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు, ఆ ఫలానావాడు ఇంకొకణ్ణి కన్నాడు, అంతే. పేర్లు తప్ప కథ లేదు. "నీకు తగినదే నీకు వచ్చెను" అన్నాడు. కీర్తనల భాగం దేవదానం బాబాయ్‌కి ఇచ్చాడు. అది ఇవ్వక తప్పలేదు, పాడేది బాబాయే గనక.

బాబాయ్ మా ఊరివాడు, వరసకి బాబాయ్. తాపీ మేస్త్రి. ఆయన పాట ఎత్తుకుంటే అంత చలిలోనూ దుప్పట్లు జారిపోయేవి. రెండు వేళ్ళతో రేకుపెట్టె మీద దరువు వేసేవాడు. మా అరచేతి చప్పట్లన్నీ ఆ రెండు వేళ్ళ వెనకే నడిచేవి. "ఇది మా ముత్తాత పోలయ్య ఇచ్చిందిరా. పేటలో ఆయన డప్పు కొడితే కాలవ అవతలకి వినపడేదంట" అని చెప్పుకుని మురిసిపోయేవాడు. స్టోర్‌కీపర్ గారికి ఆ పేరు గిట్టదు. ఆయన తాత మిషన్ బడిలో హెడ్మాస్టరు. "బాప్తిస్మము పొందని పేర్లు ఈ గదిలో ఎందుకు దేవదానమూ? నీ వేళ్ళలో ఇంకా పోలయ్యే ఉన్నాడు" అనేవాడు. బాబాయ్ నవ్వి, "ఉన్నాడండి అయ్యగారూ. ఎక్కడికి పోతాడండి?" అనేవాడు. ఎవరిమీదా కోపం రాని మనిషి. ఆ కోపమంతా నాకు మిగిల్చిపోయాడు.

రాజుల కథలు చదివేటప్పుడు ఆయన చూడదగ్గ మనిషి. వారానికొక రాజు. వరస తప్పేవాడు కాదు. "వరస తప్పిన వాక్యము దారి తప్పిన గొర్రె" అనేవాడు. రాజు ఎలా బతికాడన్నది గబగబా చదివేసి, చచ్చే చోటికి రాగానే గొంతు దించి, మెల్లగా, ఒక్కొక్క మాటా రుచి చూస్తూ చదివేవాడు. రాజు తన పితరులతో నిద్రించడం, దావీదు పట్టణంలో పాతిపెట్టడం, అతనికి మారుగా కొడుకు రాజవడం. ఏ రాజుకి ఎంత ధూపం వేశారు, ఎవరిని ఎవరి పక్కన పడుకోబెట్టారు, అంతా ఆయనకి సొంత ఇంటి లెక్కే. "చూడుడి. మనుష్యుని విలువ వాని సమాధి స్థలమునందు తెలియును" అనేవాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే వీలు ఆయన ఇవ్వలేదు.

తొంభై ఒకటి జనవరిలో గల్ఫ్ యుద్ధం మొదలైంది. తబూక్‌లో సైనిక స్థావరం ఉంది కాబట్టి మా నెత్తిన కూడా ఏదో పడుతుందని గోల. గ్యాసు వస్తే ఏసీలు ఆపి తడి తువ్వాలు మూతికి కట్టుకోమన్నారు. కిటికీలకి టేపులు అంటించాం. విమానాలు ఆగిపోయాయి. ఫోన్లు కలవవు. అలాంటి రోజుల్లో ఒక పొద్దున, పంపు గది గోడ కడుతూ కడుతూ, తాపీ పక్కన పెట్టి కూర్చున్నాడు బాబాయ్. మళ్ళీ లేవలేదు.

ఆసుపత్రికి తీసుకుపోయారు. శవాన్ని అక్కడ ఉంచారు. నన్ను మాత్రం ఆ మధ్యాహ్నమే దూరపు పొలంలో పంపు చెడిందని పంపించారు. రెండో రోజు తిరిగి వచ్చేసరికి గదిలో బాబాయ్ మంచం ఖాళీ, పెట్టెకి కంపెనీ సీలు. నేరుగా ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా హైదరాబాదు సాయిబు, మనసున్న మనిషే.

"మా బాబాయ్‌ని ఎక్కడుంచారండి? విమానాలు మొదలయ్యేదాకా ఆసుపత్రిలో ఉంచండి. నేను తీసుకెళ్తాను. ఊళ్ళో వాళ్ళ నాన్న పక్కన చోటు ఉంది" అన్నాను.

సాయిబు నావైపు వింతగా చూశాడు. "గదేంది భాయ్? మీ స్టోర్‌వాలాను అడిగినం కదా, ఈ మనిషికి ఈడ ఎవరన్న ఉన్నరా అని. ఎవ్వరు లేరన్నడు. ఊర్ల గూడ అడిగేటోళ్ళు లేరన్నడు. ఈడనే మట్టి చేస్తే మంచిదన్నడు. పొద్దుగాలనే పికప్ పోయింది."

"పికప్‌లో ఎవరెళ్ళారు?"

"డ్రైవరు, ఇంకో ఇద్దరు బంగ్లా పోరగాళ్ళు. నువ్వున్నవని ముందే చెప్పొద్దా? ఉంచుతుంటిమి గదా. ఒక్క మాట చెప్తే ఉంచుతుంటిమి."

ఒక్క మాట. ఆ ఒక్క మాట చెప్పాల్సిన నోట్లో యాలక్కాయ ఉంది.

ఊరవతల, ముస్లింలు కానివాళ్ళని పాతిపెట్టే నేల ఒకటుంది. గుర్తు పెట్టరు, పేరు రాయరు. ఇసక మీద ఇసక. ఎక్కడ పాతారో చూపించమని డ్రైవర్‌ని బతిమాలాను. "అన్నీ ఒకలాగే ఉంటాయి భాయ్" అని హిందీలో చెప్పి తల దించుకున్నాడు.

స్టోర్‌కి వెళ్ళాను. ఆయన నట్లు, బోల్టులు వేరు చేస్తున్నాడు.

"ఎవరూ లేరని ఎలా చెప్పారండి?" అన్నాను.

"తలుపు వేయుము" అన్నాడు. వేశాను. "మనవాడని చెప్పినయెడల మనమెవరమని అడుగుదురు. వాని పెట్టె తెరచెదరు. కీర్తనలు దొరుకును. ఒకని శవము కొరకు అందరి పొట్ట కొట్టమందువా?"

"కాగితాలు పెట్టెలో ఉన్నాయా ఇంకా?"

"మారుతాళముతో తీసి, సీలు వేయకముందే కాల్చివేసితిని."

"కాల్చేశాక ఇంకేం దొరుకుతాయండి? దేనికి భయం?"

దువ్వెన తీశాడు. పాపిడి సరిచేసుకున్నాడు. నాకు తెలిసిన జవాబు నేను చెబుతాను. శుక్రవారం జనం వచ్చేది పాటకి, రాజుల చావుకి కాదు. అది ఆయనకి తెలుసు. ఎవరేమన్నా నేను ఈ మాట మీదే ఉంటాను.

ఆ శుక్రవారం అందరం చేరాం. ఏసీ మోగుతోంది. పోయిన బాబాయ్ కోసం ఆదరణ కూడిక అది, కీర్తన చదవాలి. కీర్తనలు బూడిదయ్యాయి. "నాకు నోటికొచ్చు, నేను చెబుతానండి" అన్నాడు పంపు నడిపే సుందరం. ఆయన ఒప్పుకోలేదు. "నోటికి వచ్చినది వాక్యము కాదు. కాగితము మీద ఉన్నదే వాక్యము." తన కాగితాలు తీశాడు. వరస తప్పలేదు. పోయిన వారం మంచి రాజు చచ్చాడు. ఈ వారం ఆ రాజు కొడుకు యెహోరాము వంతు.

ఆ రాజు కథ చిన్నది, చేదుది. గద్దె ఎక్కగానే సొంత తమ్ముళ్ళని చంపించాడు. పేగులు కుళ్ళే జబ్బు చేసి చచ్చాడు. జనం ధూపం వెయ్యలేదు. అయ్యో పోయాడే అన్నవాడు లేడు. ఊళ్ళోనే పాతారు గానీ రాజుల సమాధుల్లో చోటివ్వలేదు. ఇది చదివాడు, బాబాయ్ ఆదరణ కూడికలో. గొంతు దించి, రుచి చూస్తూ. చదవడం అయ్యాక కాగితం మడిచి, "సమాధి స్థలము చూచి మనుష్యుని తెలిసికొనుడి" అన్నాడు.

సుందరం దుప్పటిలో మొహం దాచుకున్నాడు. నాకు కాళ్ళలోంచి మంట లేచింది. వాక్యానికి ఎదురాడకూడదు. నోటికొచ్చింది చెప్పకూడదు. సరే, నా దగ్గరా కాగితాలున్నాయి. బయటికి తీశాను.

"నా భాగం చదువుతానండి" అన్నాను.

వంశావళే గదా, ఏం చేస్తుందిలే అనుకున్నాడు. తల ఊపాడు. కాగితం మీదున్న పేర్లు నాలుగు చదివాను. తల ఎత్తలేదు. అదే రాగంలో, "దేవదానము యోసేపు కుమారుడు. యోసేపు యాకోబు కుమారుడు" అన్నాను. దేవదానం పేరు వినగానే రెండు మూడు తలలు లేచాయి. ఎవరో రెండు వేళ్ళు అరచేతి మీద వేశారు. ఊరి నేలలో బాబాయ్‌కి తండ్రి పక్కన చోటు పోయింది. కనీసం ఈ గదిలోనైనా తండ్రి పక్కన, తాత పక్కన పడుకోబెడదామని నా తాపత్రయం. యోసేపు, యాకోబు గ్రంథంలోనూ తండ్రీకొడుకులే కాబట్టి అందాకా ఆయన ఊరుకున్నాడు. యాకోబు తర్వాత ఏ పేరు వస్తుందో ఆయనకి తెలుసు.

"యాకోబు..."

టక్.

ఏసీ ఆగిపోయింది. నిశ్శబ్దం. బయట ఎవరో బకెట్ ఈడుస్తున్న చప్పుడు. నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"సైరన్ వినబడినది" అన్నాడు.

ఎవరికీ వినపడలేదు. అందరం తడి తువ్వాళ్ళు మూతికి కట్టుకుని కూర్చున్నాం. అంత నమ్మకమైన సంఘం మాది.

ఆ తర్వాత ఆ గదికి నేను మళ్ళీ వెళ్ళలేదు. కొన్నాళ్ళకి కంపెనీ మారి రియాద్ వచ్చేశాను. సెలవుకి ఊరు వెళ్ళినప్పుడు బాబాయ్ భార్య, మా పిన్ని, నన్ను కూర్చోబెట్టి మజ్జిగిచ్చింది. ఏడవలేదు. అప్పటికే ఏడ్చి ఉంటుంది.

"మంచి చోటేనా బాబూ?"

"మంచి చోటే పిన్నీ."

"పక్కనెవరున్నారు?"

ఈ ప్రశ్నకి సిద్ధపడి వెళ్ళలేదు నేను. చర్చి వెనక సమాధుల దొడ్లో, మా యోసేపు తాత పక్కన, మనిషంత చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. పిన్ని దాన్ని ఎవరికీ ఇవ్వనివ్వలేదు. గడ్డి పీకించి శుభ్రంగా ఉంచుతుంది.

ఇక మొన్న శుక్రవారం.

కొడుకు ఫ్లాట్ బాగుంది. గోడకి స్ప్లిట్ ఏసీ. పాతదానంత మోత లేదు గానీ, ఫ్యాను పూర్తిగా పెంచి పెట్టాడు. టీవీ బల్ల మీద ఆయన ఫోటో, పక్క పాపిడితో సహా. బతా నుంచి తెప్పించిన బిర్యానీ పొట్లాల వాసన. చాలామంది కుర్రాళ్ళు, నాకు తెలియనివాళ్ళు. మూల కుర్చీలో సుందరం. జుట్టు పూర్తిగా పండిపోయింది. నన్ను చూసి కళ్ళతో పలకరించాడు. గ్రంథం ఇప్పుడు ఫోన్లలో ఉంది, ముక్కలు చెయ్యక్కర్లేదు. కొడుకు, ఆ ఇంట్లో తండ్రి కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. రిమోట్ అతని చేతిలో ఉంది.

అందరూ మాట్లాడారు. కాపరి అన్నారు, ద్వారపాలకుడు అన్నారు, స్తంభం అన్నారు. ఒక్కడైనా ముక్కు చీదితే ఒట్టు. నేను ఫోటో చూస్తూ కూర్చున్నాను. దావీదు పట్టణం దక్కింది పెద్దమనిషికి. తండ్రి పక్కన పాలరాయి దక్కింది. అయ్యో అనేవాడు మాత్రం దక్కలేదు. ఆయన చదివిన కథ ఆయన దగ్గరికే వచ్చింది, సమాధి ఒక్కటే తేడా.

"ఇప్పుడు అంకుల్ మాట్లాడతారు" అన్నాడు కొడుకు.

లేచాను. "మీ నాన్నగారి పెద్దరికంలో ఎవరూ పట్టుబడలేదు" అన్నాను. అందరూ తలలు ఊపారు. "ఆయన దగ్గర నేనొక పేర్ల భాగం చదువుతూ సగంలో ఆపాను. అది పూర్తి చేస్తాను. మా బాబాయ్ ఒకాయన తబూక్‌లో పోయారు. ఆయనకి ఎవరూ లేరని చెప్పి ఇసకలో పాతిపెట్టించారు. ఎవరూ లేని మనిషి కాదు. దేవదానం యోసేపు కొడుకు. యోసేపు యాకోబు కొడుకు."

కొడుకు మొహం మారింది. అతనికి ఎవరు చెప్పారో, ఎంత చెప్పారో నాకు తెలియదు. బొటనవేలు రిమోట్ మీదికి పోవడం మాత్రం చూశాను. అచ్చం అదే చెయ్యి. కీచుమని చిన్న చప్పుడు. ఏసీ రెక్క మెల్లగా మూసుకుంది.

గదిలో చీమ చిటుక్కుమంటే వినపడేట్టుంది. కింద సందులో టాక్సీ హారను. గోడ అవతల ఎవరో పాకిస్తానీ కుటుంబం గిన్నెల చప్పుడు. కుర్రాళ్ళు నావైపు చేతులతో సైగ చేస్తున్నారు, వద్దు అంకుల్ అని. భయం లేదని చెప్పను.

"యాకోబు పోలయ్య కొడుకు" అన్నాను, మామూలు గొంతుతో. "పోలయ్య డప్పు కొట్టేవాడు. ఆయన కొడితే కాలవ అవతలకి వినపడేదంట."

మూల కుర్చీలో సుందరం రెండు వేళ్ళు చెక్క మీద పడ్డాయి. ఒకసారి. ఇంకోసారి.

"అంకుల్" అన్నాడు కొడుకు, పళ్ళ మధ్య నుంచి, "నేను నాన్నగారి గురించి చెప్పమన్నాను."

"ఆయన గురించే చెప్పాను బాబూ" అని కూర్చున్నాను.